మబ్బుకి తగిలించిన గొట్టం

పొద్దున ఎనిమిదింటికి వెలిగిన ఎర్రదీపం సాయంత్రం నాలుగైనా ఆరలేదు. దానంతట అది ఆరదని నోరీన్‌కి తెలుసు. అది ఆవిడ మకాం ఉంటున్న కారవాన్ బండిలో లెట్రిన్ ట్యాంకు నిండిందని చెప్పే దీపం. ఖాళీ చెయ్యాలంటే బండి పక్కన మోకాళ్ళ మీద కూచుని, మడతల మురుగు గొట్టం ఒక కొస బండికి బిగించి, రెండో కొస నేలలో ఉన్న కన్నంలోకి దింపి, మీట లాగాలి. అంతే పని. బండితో వచ్చిన పుస్తకంలో ఒకటిన్నర పేజీ. ఆ ఒకటిన్నర పేజీనీ నోరీన్ ఏడుసార్లు చదివింది, చదివిన ప్రతిసారీ పుస్తకం మూసి, అలాంటి బళ్ళు నిలుపుకునే ఆ పార్కు చివర అందరూ వాడుకునే మరుగుదొడ్ల దాకా నడిచి వెళ్ళొచ్చింది.

ముప్పై ఒక్క ఏళ్ళు మిన్నెసోటా మంచులో బడిపిల్లల బస్సు నడిపిన మనిషి ఆవిడ. నలభై అడుగుల బస్సుని రెండు మంచుగుట్టల మధ్య నుంచి అద్దాలు చూసుకుంటూ వెనక్కి తేగలదు. గొట్టం అంటేనే భయం. మీట లాగాక ఎక్కడో బిగింపు జారితే, పార్కంతా ముక్కు మూసుకుని తనవైపు చూస్తుందని భయం. రిటైరైన రోజు డిపోలో కేకు కోస్తూ, చలికాలమంతా అరిజోనా ఎడారిలో ఉంటాను, మంచు కరిగేదాకా నా మొహం చూడరు అని అందరిముందూ అనేసింది. వచ్చి తొమ్మిది రోజులే అయింది. నీళ్ళ గొట్టమైతే పార్కు చూసుకునే రామోనా మొదటిరోజే బిగించిపెట్టింది. ఈ రెండో గొట్టం సంగతి రేపు పొద్దునకల్లా తేలకపోతే బండి తిప్పుకుని ఇంటికి వెళ్ళిపోవాలని నోరీన్ తనలో తనే తీర్మానం చేసుకుంది.

ఇంకో దారి కూడా లేకపోలేదు. డ్వెయిన్ టకెట్.

డ్వెయిన్‌ది నెబ్రాస్కా. డెబ్భై రెండేళ్ళుంటాయి. నాలుగేళ్ళుగా ప్రతి చలికాలం మొదటి వరసలో అదే చోట బండి పెడతాడు. గొట్టాల గురించి, గాలిమరల గురించి, తోక గలగలలాడించే పాముల గురించి అతనికి తెలియనిది లేదని పార్కులో ప్రతీతి. ఆ ప్రతీతి పుట్టించింది అతనే. మధ్యాహ్నం నోరీన్ దిగులుమొహం చూసి, దాని జోలికి నువ్వు పోకు అమ్మాయ్, సాయంత్రం కాఫీ అయ్యాక నేనొచ్చి చూస్తాగా, అన్నాడు. అరవై మూడేళ్ళ మనిషిని అమ్మాయ్ అనడం నోరీన్‌కి నచ్చలేదు. అయినా ఆ మాటతో గుండెల మీంచి రాయి దిగినట్టయింది. దిగాక, ఆ రాయి తనది కదా అని కొంచెం బాధగానూ అనిపించింది. ఇవాళ అతను చేస్తాడు. మళ్ళీ తొమ్మిది రోజులకి ఎవర్ని అడగాలి?

నాలుగింటికి ఎవరి మడతకుర్చీ వాళ్ళు మోసుకుని, ఎవరి కప్పు వాళ్ళు పట్టుకుని పొయ్యిగుంట చుట్టూ చేరడం ఆ పార్కు ఆనవాయితీ. క్లైడ్ అనే కెనడా రైతు చిక్కుడుగింజల కూర గిన్నెతో సహా తెచ్చి నేలమీద పెట్టాడు. రామోనా తాళాల గుత్తి ఒళ్ళో వేసుకుని కూచుంది. కొండలు అప్పుడే గులాబీరంగు తిరుగుతున్నాయి. డ్వెయిన్ టోపీ వెనక్కి తోసుకుని, ఎవరూ అడక్కుండానే మొదలెట్టాడు.

"ఈ అమ్మాయి కొత్తది కాబట్టి చెబుతున్నా. పోయిన మార్చిలో ఉటాలో ఒక డ్యాము కింద దిగాను. అక్కడి కుళాయి రెండేళ్ళుగా ఎవరివల్లా తిరగలేదట. నేను రెండు వేళ్ళతో తిప్పా. అదేం గొప్ప కాదు, మాటవరసకి చెప్పా."

ఏ రెండు వేళ్ళని రామోనా అడిగింది. డ్వెయిన్ చూపించాడు.

"కుళాయికీ గొట్టానికీ మధ్య నీళ్ళ జోరు తగ్గించడానికి ఒక ఇత్తడి ముక్క పెట్టుకోమంటారు చూడు, అది నేను కొననే లేదు. అమ్ముకునేవాడు అన్నీ కావాలనే అంటాడు. మూడేళ్ళు ఏ ఊళ్ళోనూ ఏ కుళాయికీ నామీద జోరు చెయ్యడానికి దమ్ము లేకపోయింది. కానీ ఇదేమో డ్యాము. అంత చెరువూ ఆ ఒక్క కుళాయి వెనకాలే నిలబడి ఉంది. అప్పుడేమైందో తెలుసా?"

"గొట్టం పగిలుంటుంది," అంది రామోనా. "ఏటా ఇద్దరు ముగ్గురివి పగులుతాయి."

"ఇక్కడ కొన్న గొట్టాలు పగులుతాయి. నాది నెబ్రాస్కా నుంచి తెచ్చుకున్నది."

పగలలేదట. ఇనపకడ్డీలా బిగుసుకుని నిలబడిపోయిందట. పక్క బండిలో ముసలావిడ చూసి, బాగుందే అనుకుని, దానిమీద నాలుగు తువ్వాళ్ళు ఆరేసుకుందట. అవి ఆరేలోగా లోపల కారవాన్‌లో కుళాయిలు వాటంతటవే పాడటం మొదలెట్టాయట, వంటింటిది సన్నగా, స్నానాలగదిది బొంగురుగా. గోడలు పూరీలా పొంగాయి. కిటికీ అద్దాలు బుగ్గల్లా బయటికి ఉబ్బాయి. కాళ్ళకింద నేల తేలిగ్గా ఉందేమిటా అని డ్వెయిన్ తొంగిచూస్తే, ముసలావిడ నెత్తిమీద టోపీ పైభాగం కనిపించిందట.

"పదడుగులు లేచాం. నేను అబద్ధం ఆడను. పదకొండు కూడా అయ్యుండొచ్చు, కానీ పది అనే చెబుతా."

క్లైడ్ కూర వడ్డించడం ఆపి, మరి తువ్వాళ్ళేమయ్యాయని అడిగాడు. అవి జెండాల్లా ఎగురుతూ తనతోపాటే వచ్చాయని, రెండు ఇప్పటికీ తన దగ్గరే ఉన్నాయని డ్వెయిన్ చెప్పాడు. గొట్టం పొడుగు ఇరవై అయిదడుగులు. అంతదాకా లేచాక గాలిపటంలా ఆగింది. మధ్యాహ్నమంతా అలాగే ఆగి, ఆవిడ కాఫీ తాగుతుంటే పైనుంచి ఈయన కబుర్లు చెప్పాడట. సాయంకాలం కుళాయి దగ్గర మర దానంతట అదే వదులైంది. ఊడింది.

"ఆ తర్వాత చప్పుడన్నది లేదు," అన్నాడు డ్వెయిన్. ఆ మాట అన్నప్పుడు అతని గొంతు కూడా తగ్గింది. "ఇంజను లేదు. రోడ్డు లేదు. లోయల మీదుగా పోతున్నాం. కింద నది పచ్చగా, ఎవరో పారేసుకున్న రిబ్బనులా ఉంది. కొంగలు ఉత్తరానికి పోతూ మధ్యలో అలిసిపోయి నా పైకప్పు మీద వాలాయి. నేను కిటికీలోంచి మొక్కజొన్న అటుకులు పెట్టాను. వాటి గోళ్ళు రేకుమీద కదులుతుంటే వాన మొదలవుతున్నట్టు ఉండేది."

నోరీన్ కప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఇవన్నీ కోతలేనని ఆవిడకి తెలుసు, చిన్నపిల్లలు బస్సులో చెప్పే కోతలు ముప్పై ఒక్క ఏళ్ళు విన్న చెవులవి. అయినా ఎదురుగా తన కారవాన్ వైపు చూస్తే, దాని చక్రాలు ఇసకలోంచి మెల్లగా పైకి వస్తున్నట్టే అనిపించింది. ఎర్రదీపంతో సహా లేచి, వరసల మీదుగా, ముళ్ళచెట్ల మీదుగా, కొండల గులాబీరంగులోకి. ఆగమనే పలక లేని దారి. ప్రతి మలుపులోనూ చెయ్యి ఊపే తల్లి లేని దారి. తను అందులో కూచుని, ఎవరికీ ఏమీ చేసి చూపించక్కర్లేకుండా, ఊరికే పోతోంది.

"దాహమేసింది," అన్నాడు డ్వెయిన్. "నీళ్ళ గొట్టం ఖాళీగా వేలాడుతోంది కదా. ఎదురుగా ఒక మబ్బు. కొస తీసుకెళ్ళి దానికి తగిలించా. కుళాయికి తిప్పినట్టే కుడిచేతి వైపు మూడు చుట్లు. ఎంత చల్లటి నీళ్ళో. సగం తాగేసరికి మబ్బు చిక్కిపోయింది, పాపం, ఇంకో దానికి మార్చా. అలా మబ్బు మబ్బుకీ మారుతూ పోతుంటే, ఒక పెద్ద తెల్ల మబ్బు వెనకాల ఏముందో చెప్పుకోండి చూద్దాం."

ఇంకో పార్కు ఉందట. ముప్పై కారవాన్లు వరసగా, ఒక్కోటీ ఒక్కో మబ్బుకి గొట్టం తగిలించుకుని ఊగుతున్నాయి. అందరూ కొత్తగా బండి కొని, ఇత్తడి ముక్క పెట్టుకోకుండా కుళాయి తిప్పినవాళ్ళే. పసుపురంగు బండిలో ఒకావిడ వచ్చి ఇరవై రెండేళ్ళయిందట, జుట్టు మెట్లమీంచి జారి కిందికి వేలాడుతోంది, అందులో పిచ్చుకలున్నాయి. గుర్రపునాడాలు విసిరే ఆట ఆడుకుంటారట, విసిరినది ఎక్కడా పడదు కాబట్టి ఎవరూ ఓడిపోరు. డ్వెయిన్ అక్కడ పదకొండు రోజులున్నాడు. ఇంటికెప్పుడు వెళ్తారని ఒక్కరూ అడగలేదట.

ఆ మాట దగ్గర నోరీన్ కప్పు కింద పెట్టేసింది. తర్వాత, పొద్దుట్నించీ మనసులో ఉన్నది అదొక్కటే కాబట్టి, అదే అడిగింది.

"పదకొండు రోజులంటున్నారు కదా డ్వెయిన్. పైన మురుగు సంగతేం చేశారు?"

క్లైడ్ కూరలోకి దగ్గాడు. డ్వెయిన్ మాత్రం ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ముందుకి వంగాడు. ముప్పై మంది గొట్టాలూ ఒకదానికొకటి బిగించి, రెండు మైళ్ళు కిందికి దింపి, కాన్సస్‌లో ఒక పార్కు కన్నంలోకి గురిచూసి వదిలాడట. మొదటి దెబ్బకే కూచుందట. కింద పార్కువాళ్ళు ఇది ఏ బండిదా అని గొట్టం వెంట తలెత్తి చూస్తూ వెల్లకిలా పడ్డారట.

"ఇందులో రహస్యం ఒక్కటే అమ్మాయ్, నీకూ అదే చేసిపెడతా. మీట తెరిచి, తెరిచినట్టే వదిలెయ్యాలి. కన్నం ఉన్నచోటల్లా ఎప్పటిది అప్పుడే జారిపోతుంది, నువ్వు చూసుకోనక్కర్లేదు. బండి కొన్ననాడు తెరిచాను నేను. నాలుగేళ్ళు. ఏ పార్కులో దిగినా గొట్టం తగిలించి మీట తెరిచి పెట్టడమే, నిండనిచ్చిందే లేదు."

రామోనా చేతిలో తాళాలు చప్పుడు చెయ్యడం మానేశాయి.

"అలా వదిలేస్తే నీళ్ళే పోతాయి కదా," అంది నోరీన్ మెల్లగా. "మూడొంతుల్లో రెండొంతులు నిండేదాకా మూసే ఉంచాలి. అప్పుడు ఒక్కసారి లాగితే ఆ నీళ్ళ ఊపుకి అన్నీ కొట్టుకుపోతాయి. ముందు లెట్రిన్‌ది, తర్వాత సబ్బునీళ్ళ ట్యాంకుది, ఆ నీళ్ళతో గొట్టం కడుక్కుపోడానికి. ఎప్పుడూ తెరిచి ఉంచితే నీళ్ళు జారిపోయి మిగతాది అడుగునే ఉండిపోతుంది. ఎండి గుట్ట కడుతుంది."

చెప్పడం అయ్యాక, ఎక్కడా తడుముకోలేదని ఆవిడకే ఆశ్చర్యమేసింది.

రామోనా మొదటి వరస వైపు, గాలి వచ్చే దిక్కుకి తల తిప్పింది. ఆ వాసనకి ఎక్కడో పందుల ఫారం ఉందనుకుని రెండేళ్ళుగా ఊరుకున్నానని క్లైడ్ అన్నాడు. డ్వెయిన్ టోపీ ముందుకి లాక్కున్నాడు. అదంతా నేలమీది బళ్ళకి, పైన లెక్క వేరే ఉంటుందని ఏదో అనబోయాడు.

"పైకే వెళ్ళుండరు డ్వెయిన్," అంది నోరీన్. ఎగతాళిగా కాదు, బస్సు మెట్టుమీద నిలబడ్డ పిల్లాడికి ఇది నీ బస్సు కాదు నాన్నా అని చెప్పినట్టు చెప్పింది. "పోయిన మార్చి అంటే అప్పటికే మూడేళ్ళది అడుగున ఉంది. ఇత్తడి ముక్క పెట్టినా మానినా, అంత బరువుతో మీ బండి నేల వదలదు."

క్లైడ్ నవ్వు ముందు వచ్చింది, గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వాడు. రామోనా కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వు గుండ్రంగా తిరిగి డ్వెయిన్ దగ్గరికి వచ్చి ఆగింది. అతను కూడా నవ్వాడు, కాకపోతే ఆలస్యంగా, ఇంకా పైనే ఎక్కడో ఉన్నవాడిలా.

నోరీన్ కుర్చీ మడిచింది. ఎండ ఇంకో అరగంట ఉంటుంది. సాయానికి రమ్మంటావా అని రామోనా అడిగితే, కేకేస్తే రండి చాలు, అంది.

రబ్బరు తొడుగులు వేసుకుని మోకాళ్ళ మీద కూచుంది. ఇసక ఇంకా వెచ్చగా ఉంది. గొట్టం కొస బండికి పెట్టి తిప్పితే టక్కుమని కూచుంది, నమ్మకం చాలక విప్పి మళ్ళీ బిగించింది. రెండో కొస కన్నంలో దింపి మీద రాయి పెట్టింది. మీట పట్టుకుని ఊపిరి బిగబట్టి లాగింది.

ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత గొట్టం ఒళ్ళు విరుచుకుంది. బడిముందు బస్సు ఆగి తలుపు తెరుచుకోగానే, వెనకసీట్ల నుంచి ముందుసీట్ల దాకా పిల్లలందరూ ఒక్కసారి దిగిపోయేటప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. ఎక్కడా జారలేదు. ఎక్కడా ఒక్క చుక్క కారలేదు. ఆ చప్పుడు సన్నబడి, బొట్లుబొట్లుగా మారి, ఆగిపోయేదాకా నోరీన్ అలాగే కూచుని విన్నది. సబ్బునీళ్ళ మీట కూడా లాగింది. గొట్టం కడుక్కుపోయింది. రెండు మీటలూ మూసింది. కొండల మీద గులాబీరంగు ఊదాలోకి దిగుతోంది. మోకాళ్ళు నొప్పెడుతున్నా లేవబుద్ధి కాలేదు.

వెనకాల ఇసకలో అడుగుల చప్పుడైంది. డ్వెయిన్. టోపీ చేతిలో ఉంది. టోపీ లేకపోతే అతని తల ఎంత చిన్నదో నోరీన్ అప్పుడే చూసింది. అతను కాసేపు గొట్టం వైపు చూశాడు, కాసేపు కన్నం వైపు.

"నోరీన్ గారూ," అన్నాడు, ఎవరికీ వినపడకుండా. "మా ఆవిడ ఉన్నప్పుడు ఈ పనంతా తనే చూసుకునేది, పాత బండికి. ఈ బండి నేనొక్కణ్ణే కొన్నాను. ఎవర్నన్నా అడుగుదామంటే, అప్పటికే అందరికీ నేనే చెబుతున్నాను."

నోరీన్ తొడుగులు తియ్యలేదు. "ఇప్పుడే వెళ్ళి మీట మూసెయ్యండి," అంది. "ట్యాంకు నిండా నీళ్ళు పోసి నాననివ్వండి. వారం పడుతుంది, ఎక్కువే పట్టొచ్చు. నానాక ఇద్దరం లాగుదాం. నేనెక్కడికీ పోవడం లేదు."