కొరీనాను అమ్మిన మంగళవారం

ఆ కుర్చీ వద్దు తల్లీ, దాని కాలు ఊగుతుంది, ఇటొచ్చి కూర్చో. మన సమాజం ఇంట్లో పిల్లలు మంగళవారాలు కలుసుకునే గదికి జింబుల్ అక్క పేరు పెడుతున్నారటగా. మంచిది. పోయి ఇరవై ఏళ్లయింది, ఇప్పటికైనా గుర్తొచ్చింది. నాలుగు ముక్కలు చెప్పమన్నావు కాబట్టి మొదటి ముక్క రాసుకో: నేను నా కూతుర్ని ఆవిడకి అమ్మేశాను. కలం ఆపేశావేం? ఒక్క లెవ్ నాణేనికి అమ్మాను. మీ తరానికి తెలీదులే. ఈ ప్లోవ్‌దివ్‌లో మన యూదుల ఇళ్లల్లో పిల్లలకి ప్రాణం మీదికొస్తే, నాణెం పుచ్చుకుని ఇంకొకరికి అమ్మేసేవాళ్లు. మృత్యుదూత వచ్చి ఫలానా వాళ్ల పిల్ల ఏదీ అంటే, ఆ ఇంట్లో అలాంటి పిల్లే లేదుగా, వచ్చిన దారినే పోతాడు. మా చిన్నాన్నకి పసితనంలో గొంతు పూడుకుపోతే దర్జీ భార్యకి అమ్మారు. మెర్కాదో అని పేరు పడింది, కొనుక్కున్నవాడని. ఎనభై మూడేళ్లు బతికాడు మహానుభావుడు, పేకాటలో దొంగాట ఆడుతూ. సరే, ఆయన ఊసు ఇప్పుడెందుకు.

మా అమ్మాయి కొరీనాకి అప్పుడు పదిహేనేళ్లు. తొంభై రెండో సంవత్సరం అనుకుంటా, మనవాళ్లంతా పెట్టెలు సర్దుకుని ఇజ్రాయెల్ వెళ్లిపోతున్న రోజులు. దాని నేస్తాలు నలుగురూ ఆర్నెల్లలో ఖాళీ. ముందు బడి మానేసింది, తర్వాత తిండి, ఆ తర్వాత మాట. గోడకేసి తిరిగి పడుకునేది, దుప్పటి కింద పిల్ల ఉందో లేదో కూడా తెలిసేది కాదు. రోజుకి పదిసార్లు వెళ్లి ఊపిరి చూసి వచ్చేదాన్ని. దిష్టి అనుకుని లవంగాలు నిప్పుల మీద వేశాను. వయసు అనుకుని తిట్టాను. జింబుల్ అక్క బళ్లో నర్సుగా చేసి మానేసిన మనిషి, మిగిలిపోయిన పిల్లల్ని మంగళవారాలు కూడగట్టేది. "మనసు డాక్టరుకి చూపించవే" అంది. "నా కూతురికి పిచ్చా?" అని తలుపేశాను. మళ్లీ వచ్చింది. మళ్లీ వేశాను. ఆ మంగళవారం వచ్చి, "సరేలే, డాక్టరు మాట ఎత్తను. నాకు అమ్మెయ్" అంది. హమ్మయ్య, ఇప్పటికి మన దారికొచ్చింది అనుకున్నాను, చూడు నా తెలివి. సాక్ష్యానికి ఇద్దరు పక్కింటివాళ్లని పిలిచాను కూడా. లెవ్ నాణెం నా చేతిలో పెట్టి, "ఎవరి పిల్ల?" అంది. "నీ పిల్ల." మూడుసార్లు నాచేత అనిపించింది. అప్పుడు మంచం మీద కూర్చుని, "కొరీనా, నీకిష్టమైతేనే సుమా, డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అంది. "అక్కా, ఇదేం పని? పేరుకి అమ్మాను గానీ" అని నేను గుమ్మానికి అడ్డం పడ్డాను. నాకేసి చూడనైనా చూడలేదు. "ఎవరి పిల్ల?" అంది, అంతే. కొరీనా లేచి కోటు వెతుక్కుంది.

డాక్టరు దాన్ని ఒంటరిగా వదలొద్దన్నాడు, వారం వారం రమ్మన్నాడు. మంగళవారాలు జింబుల్ అక్క దగ్గర. అక్కడేం చేసేవాళ్లంటే ఏం చెప్పను, నాకు లోపలికి ప్రవేశం లేదుగా. రెండు నెలలయ్యాక తల్లుల్ని పిలిచింది. బల్ల మీద పెద్ద గిన్నెడు గుడ్లు, ఉల్లిపొట్టులో రాత్రంతా మగ్గి గోధుమరంగు తేలినవి, మన శనివారం గుడ్లు. "వలవండి. చూపు చేతుల మీదే ఉండాలి. పిల్లలు మాట్లాడతారు. మీకు నోరు తెరవాలనిపిస్తే ఇంకో గుడ్డు తీసుకోండి" అంది. అదీ ఆవిడ చట్టం. ఎవరెవరో ఏమేమో చెప్పారు. తర్వాత కొరీనా గొంతు వినిపించింది, బొంగురుగా, వాడక వాడక. "నాకు బతకాలనిపించలేదమ్మా. నీతో చెబుదామనే అనుకునేదాన్ని. నువ్వు ప్రతిసారీ నాకంటే ముందే ఏడ్చేదానివి."

నేనేమన్నానా? ఒక గుడ్డు వలిచాను. ఇంకోటి వలిచాను. ఏడు వలిచాను, నా ముందు పెంకులు కుప్పపడ్డాయి. ఎనిమిదోదానికి పెంకుతో పాటు గుడ్డు కూడా ఊడొస్తోంది. కొరీనా చెయ్యి చాచి దాన్ని తీసుకుంది. మెల్లిగా వలిచి, రెండు ముక్కలు చేసి, ఒకటి నా ముందు పెట్టి, రెండోది నోట్లో వేసుకుంది. నములుతూ, "ఉప్పు లేదా ఇక్కడ?" అంది.

వాన పడేలా ఉంది. ఆ కిటికీ కాస్త వెయ్యి.