ఓవర్‌మన్ రాజలింగు గారి పాటల గది

1989 జులై పదిహేడో తేదీ, సోమవారం ఉదయం షిఫ్టులో, తలపై కొత్త టోపీతో, చేతిలో పాత టిఫిన్ డబ్బాతో శ్రీ జూపాక రాజలింగు గారు మన గనిలో మజ్దూరుగా అడుగుపెట్టారు. మంథని పరిసరాల నుంచి బొగ్గును నమ్ముకుని మరాఠీ సీమలోని లాల్‌పేట్ చేరిన కుటుంబంలో జన్మించి, బడిలో మరాఠీ చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, బజారులో హిందీలో బేరమాడిన వీరికి మూడు భాషలు వచ్చినా, ముప్పై ఆరు సంవత్సరాల సేవలో ఏ ఒక్క భాషలోనూ పరుల మనసు నొప్పించే మాట మాత్రం రాలేదు.

1997లో కూలీల జట్టును నడిపే సర్దారు పరీక్షలో ఉత్తీర్ణులై, 2009లో షిఫ్టు మొత్తాన్ని చూసుకునే ఓవర్‌మన్ బాధ్యతలు స్వీకరించారు. ఓవర్‌మన్ అయ్యారే గాని ఏనాడూ ‘ఓవర్’ చేయలేదు. గనిలో ఎంత లోతుకు దిగినా మర్యాదలో ఒక్క మెట్టు కూడా దిగలేదు.

షిఫ్టు ఆరంభానికి ముందు గని పైకప్పును కర్రతో తట్టి వినడం మన వృత్తిధర్మం. ఖంగున మోగితే రాయి గట్టిది, నిశ్చింతగా పని చేసుకోవచ్చు. మొద్దుగా పలికితే లోపల పొర విడిందని అర్థం, తక్షణం బయటికి రావాలి. ఈ శ్రవణవిద్యలో రాజలింగు గారిని మించినవారు లేరు. 2004 వర్షాకాలంలో ఒక ఉదయం వారు కప్పును ఒకే ఒక్కసారి తట్టి, మారుమాట లేకుండా ఆరుగురిని బయటికి లాగారు. ఆ ఆరుగురూ ఇంకా తిట్టుకుంటూ ఉండగానే కప్పు కూలింది. వారిలో ఒకరైన వెంకన్న గారు నాటి నుంచి ఏటా రెండు పుట్టినరోజులు జరుపుకుంటున్నారు. మిఠాయి రెండుసార్లు అందుతున్నందున మనకెవరికీ అభ్యంతరం లేదు.

అంతటి ధీరునికి ఈ సంవత్సరం ఏప్రిల్‌లో భయం పట్టుకుంది, అదీ ఇంట్లో. ధర్మపత్ని శ్రీమతి నర్సక్క గారి మెడలో థైరాయిడ్ గడ్డ బయటపడింది. జూన్ తొమ్మిదిన శస్త్రచికిత్స నిర్ణయించిన నాగపూర్ వైద్యులు, గొంతు నరం గడ్డను ఆనుకుని ఉన్నందున స్వరం మారవచ్చని, పోనూవచ్చని ముందే చెప్పారు. నర్సక్క గారి పాట లేనిదే మన కాలనీలో పెళ్లికి పసుపు దంచరు, బిడ్డకు తొట్టెల కట్టరు. తల్లి నోట నేర్చిన ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. ఉన్నదంతా ఆవిడ గొంతులోనే ఉంది.

“నా గొంతు పోతె నీకు నిమ్మళమే గద,” అని ఆవిడ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రమే ఇంటి వెనుక ఉన్న పదడుగుల సామాన్ల గదిని ఖాళీ చేయడం మొదలుపెట్టారు. చికిత్సకు ముందే ఆ పాటలన్నీ రికార్డు చేయాలి, అందుకు ఇంట్లోనే ఒక స్టూడియో కావాలి.

కట్టారు, తమకు తెలిసిన పద్ధతిలో. గోడలకు నున్నటి సిమెంటు పూత, నేలకు టైల్స్. అడుగడుగునా కర్రతో తట్టి, ఖంగున మోగే వరకు మేస్త్రీకి విముక్తి ఇవ్వలేదు. తీరా మైకు పెట్టి వింటే, ఒక్క నర్సక్క గారు పాడితే నలుగురు వినిపించారు. ఒకరిని సముదాయించడానికే ముప్పై ఐదేళ్లు పట్టిన ఆయన బెంబేలెత్తిపోయారు.

మన గని ఎలక్ట్రీషియన్, గణేశ్ మండపాలకు మైకులు పెట్టే శ్రీ దత్తు గారిని పిలిపించారు. ఆయన గది నడుమ నిలబడి ఒక్కసారి చప్పట్లు చరిచారు. ఆ చప్పుడు గోడ నుంచి గోడకు టపటపా తిరుగుతూ ఎంతకీ ఆగలేదు.

“సాబ్, గిది ఖోలీ కాదు, విహీర్,” అన్నారు దత్తు గారు. మరాఠీలో ఖోలీ అంటే గది, విహీర్ అంటే బావి.

బయటి రైలు కూత లోపలికి రాకుండా ఆపడం ఒక పని, లోపలి పాట గోడలకు తగిలి తిరిగిరాకుండా చూడడం వేరొక పని అని ఆయన వివరించారు. కోడిగుడ్ల అట్టలు అతికిస్తే చాలునన్న క్యాంటీన్ వారి సలహాను అక్కడికక్కడే ఆమ్లెట్ వేశారు: వాటితో కాస్త కీచుదనం తగ్గుతుందే గాని, బరువైన స్వరం తిరుగుతూనే ఉంటుందట. నాలుగంగుళాల మందంతో చెక్క చట్రాలు చేయించి, పరుపులు కుట్టే ధనరాజ్ గారి చేత దూది దట్టంగా కూరించి, గుడ్డ తొడిగించారు. పాడే మనిషిని కూర్చోబెట్టి, గోడ వెంట అద్దం జరుపుతూ పోయి, ఆ అద్దంలో ఆవిడకు మైకు కనిపించిన చోటల్లా, పాట తగిలి మైకుకు తిరిగొచ్చేది అక్కడి నుంచే గనుక, ఒక చట్రం బిగించారు. మూలల్లో రెట్టింపు మందం వేశారు. పరుపు దూదితో స్టూడియో పరువు దక్కిందని అందరూ సంతోషించారు.

మర్నాడు చూస్తే చట్రాలన్నీ వరండాలో ఉన్నాయి. దత్తు గారు మళ్లీ బిగించారు. మర్నాడు మళ్లీ వరండాలోనే. మే నెల చివరి వారం వచ్చేసింది, ఒక్క పాట కూడా రికార్డు కాలేదు.

“నేను పెట్టుడు, మీరు తీసుడు. ఏంది సాబ్ గిది?” అని దత్తు గారు నిలదీశారు.

రాజలింగు గారు తలెత్తలేదు. “చట్రం పెట్టినంక తట్టి సూస్తె మొద్దుగ పలుకుతుంది దత్తూ. ఆ సప్పుడు ఇంటె నా కాళ్లు బయటికి ఉరుకుతయ్. ఆరుగురిని బయటికి గుంజిన సప్పుడది. దాని కింద ఈమెను కూసోబెట్టి పాడుమంటె ఎట్ల?”

నర్సక్క గారే చట్రాలన్నీ మళ్లీ పెట్టించి, లోపలికి వెళ్లి చాప మీద కూర్చున్నారు. చప్పుడు చేస్తుందని ఫ్యాను ఆపించారు. పేరులో చంద్రుణ్ణి పెట్టుకున్న మన జిల్లా మే నెలలో సూర్యపూర్ అవుతుందని తెలిసీ ఆపించారు. భర్త చేతిలోని కర్ర తీసి పక్కన పెట్టి, హెడ్‌ఫోన్లు స్వయంగా ఆయన చెవులకు తగిలించారు.

“నువ్వు గోడను ఇంటున్నవ్. గోడ సంగతి ఇడిసిపెట్టి నన్ను ఇను.”

పసుపు దంచే పాట ఎత్తుకున్నారు. గోడలు ఊరుకున్నాయి. మాటకు ముందు ఆవిడ తీసుకునే ఊపిరి, గాజులు మోకాలికి తగిలిన సవ్వడి, మూడో చరణంలో గొంతు చిన్నగా వణికి నిలదొక్కుకోవడం, ఇవన్నీ ముప్పై ఐదేళ్ల కాపురంలో ఆయన మొట్టమొదటిసారి విన్నారు. పాట ముగిసింది. ఆయన కప్పు వంక చూడలేదు. “ఇంకోటి,” అన్నారు.

పది రోజుల్లో, చెమటలు కక్కుతూ, ముప్పై ఒక్క పాటలు రికార్డయ్యాయి. జూన్ తొమ్మిదిన శస్త్రచికిత్స నిర్విఘ్నంగా జరిగింది. ఏడు వారాలు గుసగుసలతోనే సంసారం నడిచింది. ఆగస్టులో స్వరం తిరిగివచ్చింది, మునుపటికన్నా ఒక మెట్టు కిందికి దిగి. తమ పాత పాటలను శ్రద్ధగా విన్న నర్సక్క గారు, ఆ గొంతు మరీ చిన్నపిల్ల గొంతులా ఉందని, ఇప్పటి గొంతుకు బరువు వచ్చింది కనుక అన్నీ మళ్లీ పాడతానని ప్రకటించారు. పాడుతూ ఉంటే మరచిపోయిన మరో పదకొండు పాటలు గుర్తుకొచ్చాయి. మొత్తం నలభై రెండు.

2025 అక్టోబర్ ముప్పై ఒకటో తేదీన శ్రీ రాజలింగు గారు తమ అరవయ్యవ ఏట పదవీ విరమణ చేస్తున్న ఈ శుభతరుణంలో, ఆవిడ పాడే ఒక్కొక్క పాటకు ఒక్కొక్క ఏడాది చొప్పున ఆయన ఆయుష్షు పెరగాలని, ఆ దంపతులు సంపూర్ణ ఆరోగ్యంతో వర్ధిల్లాలని సహోద్యోగులందరం మనసారా కోరుకుంటున్నాం. అరవైకి నలభై రెండు కలిపితే ఇప్పటికే నూట రెండు. నర్సక్క గారు ఇంకా గుర్తు చేసుకుంటూనే ఉన్నారు.