బీరువా తాళంచెవి

సభను నడిపిస్తున్న కమిషనర్ గారికి, పనులు మానుకుని వచ్చిన పెద్దలకు, రేపటి నుంచి నా కుర్చీలో కూర్చునే శానిటరీ ఇన్‌స్పెక్టర్ సతీష్ గారికి, వెనక గోడ వారగా నిలబడిన నా పారిశుద్ధ్య సిబ్బందికి మస్తానయ్య నమస్కారాలు. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండమ్మా. దేవరాజు మేస్త్రీ, ముందు నువ్వు కూర్చో, నిన్ను చూసి వాళ్ళూ కూర్చుంటారు. (నవ్వులు)

ఇంతసేపూ నన్ను పొగిడినారు. మచ్చలేని సర్వీసు అన్నారు కమిషనర్ గారు. సార్, పోయిన ఏడాది నాకు మెమో ఇచ్చింది తమరే! (నవ్వులు) ఆ సంగతి చెప్పకుండా ఈ దండ వేసుకుని ఇంటికి పోతే నాకు అన్నం సయించదు.

ఆ మూల కూర్చున్న యేసుమణి ఇరవై ఏళ్ళుగా కాలువలు తీసి బ్లీచింగ్ చల్లుతోంది. బ్లీచింగ్ బస్తాలు మా మస్టర్ గదిలోనే ఉండేవి. తెల్లవారుజామున తలుపు తీస్తే కళ్ళు మండేవి. హాజరు వేసేది అక్కడే, వాళ్ళు సద్ది తినేదీ అక్కడే. ఆమె నాయన మార్కాపురం పలకల గనిలో పనిచేసి దగ్గి దగ్గి పోయినాడు. అందుకే, "సారూ, ఇది జలుబు దగ్గు కాదు, మా నాయనకూ ఇట్లనే మొదలైంది, ఆ బస్తాలు ఇంకోచోట పెట్టించు" అని నా టేబుల్ దగ్గరికి వచ్చేది. నేను రిజిస్టర్ తీసి, ఆమె ముందే, 'జలుబు' అని రాసేవాణ్ణి. బ్లీచింగ్ అని రాస్తే పైనుంచి సంజాయిషీ అడుగుతారు, జలుబుకు ఎవరూ అడగరు.

చివరికి ఆమె కూతురి చేత రాయించి పై ఆఫీసుకు అర్జీ పెట్టింది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, రేపటి నుంచి రావద్దంటే అంతే. అయినా పెట్టింది. తనిఖీకి వస్తున్నారని మాకు ముందే కబురందింది. మా అలవాటు ప్రకారం బీరువా తెరిచి కొత్త గ్లౌజులు పంచినాము. జీపు సందు తిరగగానే వాటిని మళ్ళీ తీసుకుని తాళం వేసేవాళ్ళం. తల వంచుకోకు దేవరాజూ, తాళంచెవి నా జేబులోదే కదా.

వచ్చిన అధికారిణి, "ఇవి ఎప్పుడిచ్చారు?" అని అడిగితే, "ఆర్నెల్లయిందమ్మా" అని బడిపిల్లల్లా అందరూ ఒక్కసారే అన్నారు. యేసుమణి ఒక్కతే చేతులు జోడించి నిలబడింది. ఆ అమ్మ రెండుసార్లు తిరిగి నమస్కారం పెట్టింది. ఈమె చేతులు దించదే! చూస్తే, జతను కలిపి కట్టిన ప్లాస్టిక్ దారం తొందరలో మేము తెంపలేదు. (నవ్వులు)

నవ్వండి, ఆ రోజు మేమూ నవ్వినాము. ఆ అమ్మ మాత్రం నవ్వలేదు. కత్తెర తెప్పించి, దారం కోసి, గ్లౌజులు తీయించింది. వేళ్ళ సందులన్నీ పగిలి నెత్తురు చెమ్మ. "ఇది ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

"చేతుల సంగతైనా దగ్గు సంగతైనా, నేను చెప్పినప్పుడల్లా మా సారు రిజిస్టర్‌లో రాసినాడమ్మా, చూడండి" అంది యేసుమణి. ఆమెకు చదువు రాదు. నేను నిజమే రాస్తున్నానని ఇన్నేళ్ళూ నమ్మింది.

అధికారిణి పేజీ తర్వాత పేజీ పైకి చదివింది. జలుబు. జలుబు. జలుబు. యేసుమణి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "అట్లనా సారూ" అంది, అంతే. అప్పుడు నా నోరు పెగిలింది. "అమ్మా, ఆమె చెప్పింది నిజం, నేను రాసింది అబద్ధం" అని చెప్పి, అదే కాగితం మీద రాసి సంతకం పెట్టినాను. మెమో వచ్చింది. బస్తాలు వేరే గదికి పోయినాయి. ఆమె ఉద్యోగం నిలిచింది. దగ్గు తగ్గింది గానీ పోలేదు, ఇందాకటి నుంచి మీరూ వింటూనే ఉన్నారు. యేసుమణీ, అందరి ముందూ అడుగుతున్నా, నన్ను క్షమించు తల్లీ.

ఇప్పుడు గ్లౌజులు రోజూ ఇస్తున్నాము. కానీ బీరువా తాళంచెవి ఆఫీసరు జేబులోనే. నేను రాని రోజు వాళ్ళు వట్టి చేతులతోనే కాలువలో దిగుతున్నారు. అందుకే నిన్న సతీష్ గారికి అన్నీ అప్పగించి ఇది ఒక్కటి నా దగ్గర ఉంచుకున్నాను. పొద్దున కమిషనర్ గారిని అడిగితే సరేనన్నారు. ఇక మాట మార్చలేరు సార్, ఇంతమంది సాక్షులు! (నవ్వులు)

నన్ను ఇన్నేళ్ళు భరించిన మీ అందరికీ, ఇంట్లో భరించిన మా శ్రీశైలమ్మకూ కృతజ్ఞతలు. యేసుమణీ, ఇట్ల రామ్మా. మెట్టు చూసుకో. రేపటి నుంచి ఆ బీరువా నువ్వే తెరువు. ఇదిగో తాళంచెవి.

చేతులు జోడించకు తల్లీ. చెయ్యి చాపు.

సెలవు.