విశ్రాంతి తర్వాత

సినిమా ఛానల్లో ఈ వారమంతా పాత కన్నీటి చిత్రాలే. మొన్ననే పటాన్‌చెరు ఫ్యాక్టరీ నుంచి రిటైరైన సొలొమోనును ఎల్సీ పట్టుబట్టి టీవీ ముందు కూర్చోబెట్టింది.

"పెండ్లైన కొత్తల ఈ సినిమా సంగారెడ్డిల చూసినం, యాదికుందా?" అన్నాడు సొలొమోను.

"ఇద్దరం యాడ చూసినమయ్యా? ఇంటర్వల్‌కే ఉరికితివి. మిగిలింది నేనొక్కదాన్నే ఏడ్సుకుంట చూసిన."

"సెకండ్ షిఫ్ట్ ఉండె గదనే. నాకు కంపెనీ ఉండె, నీకు కంపెనీ లేకపాయె!"

"జోకులు బంద్ జెయ్. ఇయ్యాల ఆఖరిదాక కూసుంటవా?"

"కూసుంట."

తెర మీద 'విశ్రాంతి' అని పడగానే సొలొమోను లేచి, చెప్పులేసుకుని గడప దాటాడు.

"యాడికయ్యా?"

అతడు నాలుక కరుచుకున్నాడు.

"నేను రిటైరైన గని, కాళ్లు ఇంకా డ్యూటీలనే ఉన్నయే."

వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ఎల్సీ అతడి చెప్పులను సోఫా కిందికి తోసేసింది.

"ఆఖరికి వాళ్లిద్దరు కలుస్తరా?"

"చెప్ప. కూసొని సూడు."