టిలట్సన్ గారి హాలు

ఆ టైర్ల కొట్టు గోడ మీద అక్షరాలేంటనా? అది ఒకప్పుడు సినిమా హాలు, పిల్లా. ఆర్ఫా టిలట్సన్ గారిది. నెబ్రాస్కా మొత్తమ్మీద... మొత్తమని ఎందుకులే, మన చుట్టుపక్కల ఆడమనిషి నడిపిన హాలు అదొక్కటే. నేను ఆపరేటర్ని. ఆ కుర్చీలో కూర్చోకు, కాలు విరిగింది. ఏం చెప్తున్నాను... ఆఁ, కేగల్. పెద్ద స్టూడియో వాళ్ల ఏజెంటు. ఎప్పుడూ నవ్వుమొహమే. "ఆ మంచి బొమ్మ కావాలా అమ్మా? దాంతో ఇంకో ఇరవై తీసుకోవాలి" అనేవాడు. ఆ ఇరవై అప్పటికింకా తీయనే లేదు. "చూడకుండా ఎలా తీసుకోనయ్యా?" అని ఈవిడ. "గుడ్లు పగలగొట్టి చూసి కొంటారా?" "వాసన చూస్తాను" అంది. అంతే, మంచి బొమ్మలన్నీ పక్కూరికి పోయాయి. అక్కడి హాలు ఆ స్టూడియోదే మరి. మాకు అరిగిపోయిన కౌబాయ్ రీళ్లు. ఆటకి నాలుగుసార్లు తెగేవి.

ఇలా అంటగట్టడం మీద గవర్నమెంటు స్టూడియోల మీద కేసు వేసింది. వాళ్ల లాయర్లు హాళ్లవాళ్లని అడుగుతున్నారని తెలిసి, ఆవిడ చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని ఒమాహా వెళ్లి జరిగిందంతా చెప్పొచ్చింది. అలా చెప్పినవాళ్లు చాలామందేలే. నలభై ఎనిమిదిలో తీర్పొచ్చింది. ఏ బొమ్మకా బొమ్మ విడిగా ఇమ్మన్నారు. స్టూడియోల వాళ్లు హాళ్లు కూడా అమ్ముకోవాల్సొచ్చింది. ఊళ్లోవాళ్లు ఆవిడకి పళ్లు కూరి కాల్చే ఆపిల్ పైలు చేసి తెచ్చారు. మూడ్రోజులు అవే తిన్నాం.

తరవాత టీవీలొచ్చాయి, స్టూడియోల వాళ్లు బొమ్మలు తీయడం తగ్గించారు. కేగల్ మళ్లీ వచ్చాడు, అదే నవ్వు. "ఇప్పుడంతా మీ ఇష్టమే అమ్మా. కావలసింది ఒక్కటే తీసుకోండి. కాకపోతే ఆరు వారాలు ఆడించాలి." రెండువేల మంది ఊరు, అయిదు రోజుల్లో అందరూ చూసేస్తారు. వద్దండీ అని ఆవిడతో అన్నాను. "వద్దంటే ఇంకేముంది ఆడించడానికి?" అంది.

మూడో వారం నుంచి హాలు ఖాళీ. రోజూ రెండాటలు. ఆవిడే కౌంటర్లో టికెట్ చించుకుని, లోపలికొచ్చి అయిదో వరసలో కూర్చునేది. "ఎవరూ లేరు కదండీ, ఆపేద్దామా?" అన్నానొకసారి. "నేను లేనూ? ఆడించు" అంది. ఆఖరాట అయ్యాక నా గదిలోకి వచ్చి, రీళ్లు డబ్బాలో సర్దుతుంటే చూస్తూ నిలబడింది. "ఈ బొమ్మ నాకు మొదటిరోజు కూడా నచ్చలేదోయ్, ఎల్మర్" అంది.

ఆ వసంతంలోనే హాలు అమ్మేసి లింకన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడే పోయింది. ఆ స్టూడియోకి యజమానులు మూడుసార్లు మారారు. మీ టీవీలో వచ్చేవీ వాళ్లవే.

మబ్బు పట్టింది. మీ అమ్మ బట్టలు ఆరేసినట్టుంది, వెళ్లి తియ్యి.