వరద గీత దాకా నీలం

ఆ కోడలి భయమల్లా ఒకటే: ఈసారి వరద నీళ్లు చప్పుడు లేకుండా ఇంట్లోకొచ్చి పాప ఉయ్యాలను అందుకుంటాయేమోనని. అయినా ఆ పూట, కపిలేశ్వరపురం దగ్గర గోదారి మధ్య లంకలో ఉన్న ఆ రెండు గదుల ఇంట్లో, రంగు డబ్బా మూత తీస్తుంటే ఆమె సంబరం అంతా ఇంతా కాదు.

"అత్తయ్యగారూ, చూడండి, ఎంత బాగుందో నీలం! చర్చికి వేయగా మిగిలిందని పాస్టరుగారు ఊరికే ఇచ్చేరండి."

"ఊరికే వచ్చిందని గోడంతా పూసేయకు. ఆ మరక మాత్రం చెరపకమ్మా."

"మరకేంటండీ! క్రితం వరద మోకాలి పైదాకా వచ్చిన గీత అది. అది చూస్తే నాకు గుండె దడండి."

"చెరిపేస్తే ఉయ్యాల ఎంత ఎత్తున కట్టాలో ఎలా తెలుస్తుందే? గోదారే కొలిచి గీసింది."

"ఆయ్, అయితే చెరపనండి! గీత దాకా నీలం, ఆ పైన తెల్ల సున్నం వేస్తాను. ఉన్న రంగు సరిపోతుంది, చూడ్డానికి బోర్డరులా ఉంటుంది."

"అబ్బో, అమలాపురం మేడల్లో కూడా ఉండదు ఈ షోకు! వెయ్యి, వెయ్యి."

"ఉయ్యాల తెలుపులోకి, బియ్యం డబ్బా తెలుపులోకి. మరి మీ మంచమండీ?"

"నాది నీలంలోనే ఉండనీ. నాకు ఈతొచ్చు."

"చాల్లెండి. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టేస్తాను."

"పెట్టుకో. మోకాళ్ల నొప్పులతో ఎక్కలేక నేనే తీసేస్తాను."

అన్నంత పనీ చేస్తుందావిడ. నీళ్లొచ్చే వేళకి కోడలి చేతుల్లో పాప ఉంటుంది, మళ్లీ ఇటుకలు పెట్టడానికి చేతులు ఖాళీ ఉండవు. గోదారి పెరిగిందని వింటే, అటు వెళ్లేవారు ఆ నీలం గోడల ఇంట్లోకి ఒకసారి తొంగిచూడండి. అత్తగారి మంచం కింద ఇటుకలున్నాయో లేదో చూసి రండి.