వాచిన మొగం

అట్ల సూడాకు మామా. పొద్దన్నుంచి వచ్చినోళ్లందురూ నా మొగంలోకే సూసిపోయినారు. ఇంగ నువ్వు గూడానా?

అందురూ తిని పోయినారులే. మన పిల్లోడు అవినాష్ మీ పిన్నమ్మోళ్లను ఎర్రగుంట్ల స్టేషన్ల దించొస్తానని కారు తీసకపోయినాడు. నడింట్లో మిగిలింది నువ్వూ నేనే. నువ్వంటే ఫోటోలో, దండేసుకోని. నీ సంవత్సరీకం అయిపాయ, ఆ దండ గూడా అప్పుడే వాడుమొగం పడ్తాంది. నిండా చామంతులే కట్టమంటే సగం బంతిపూలు కలిపినాడు ఆ పూలాయప్ప.

లోపల గురక ఇనపడ్తాందా? మీ అక్క, సుబ్బరత్నమ్మ వదిన. నా మంచం మీద పండుకోనుండాది. జమ్మలమడుగు బస్సెక్కకుండా ఉండిపాయ. ఇంగో పదిదినాలు నా దగ్గరే ఉంటాదంట, నన్ను కనిపెట్టుకోని ఉంటాదంట. మీ అక్క, నన్ను. ఇనే దానికే ఇచ్చిత్రంగా లేదూ నీకు?

ఎందుకో తెలుసునా? నీ కోసరం ఏడ్సి ఏడ్సి నా మొగం వాచిపోయిందంట.

వాచిన మాట నిజమే మామా. ఏడ్సిన మాటే అబద్ధం.

రోంత నిదానంగా చెప్పనీ, ఒకేసారి చెప్పాలంటే నోరు రాకుండా ఉండాది. మొన్న నేను ప్రొద్దుటూరికి పోయి మొగానికి సూదులేయిచ్చుకున్యా. జ్వరానికేసే సూది కాదు. ఫిల్లర్ అంటారు దాన్ని. బుగ్గలు పీక్కపోయినోళ్లకు, కండ్ల కింద గుంటలు పడినోళ్లకు చర్మం కింద రవ్వంత జెల్లు ఎక్కిస్తారు. గుంట పూడతాది, మొగం నిండుగా అగపడ్తాది. అంతే సంగతి.

ఏంది, నవ్వుతాండావా? నీకేం, ఫోటోల నవ్వు పెట్టినారు, నవ్వుతానే ఉంటావు.

సోకు కోసరం కాదు మామా. కాదంటే అది గూడా అబద్ధమే అయితాదిలే, రోంత సోకు గూడా ఉండాది. ఉండనీ. నాకు యాభై గూడా రాల్యా ఇంగా.

నువ్వు పడినప్పుడు ఈ ఇంట్లో అద్దం తీసేసినాము, గ్యాపకముందా? పక్షవాతం వచ్చినాక నీ మూతి ఎడమపక్కకు జారిపాయ. గోడకుండే అద్దంలో నిన్ను నువ్వు సూసుకోని ఆ మంచి చెయ్యితో గ్లాసు ఎత్తి దాని మీదికేస్తివి. ఆ దినం తీసి అటక మీద పెట్టినా. మూడేండ్లు ఈ ఇంట్లో అద్దమే లేకపాయ. నీ మొగం నువ్వు సూసుకోకూడదని తీస్తిని, నా మొగం నేను సూసుకోల్యా. సూసుకునే పురసత్తు గూడా యాడిది? నిన్ను ఈ పక్క నుంచి ఆ పక్కకు తిప్పల్ల, వీపు పుండు పడకుండా తుడవల్ల, సంగటి పలచగా చేసి చెంచాతో పెట్టల్ల. పెట్టింది సగం ఆ వంకర పక్క నుంచి కారిపోతాండె. తుడిసేది, మల్ల పెట్టేది.

నువ్వు పోయిన నాల్గు నెలలకు చీర తీసుకుందామని ఆసియాతో ప్రొద్దుటూరు పోయినా. అదే, మన పక్కింటి ఆసియా, బ్యూటీపార్లర్ పెట్టుకున్యాదే, మొగుడు కువైట్‌లో ఉండాడే, ఆ పిల్ల. గుడ్డల అంగట్లో మెట్లెక్కి పోతాంటే ఒక ముసలామె ఎదురుగా అడ్డం నిలబడింది. ఎండిపోయిన మొగం, బుగ్గలు లోపలికి పోయి, కండ్లు యాడనో బాయిలో ఉండాయి. ‘రోంత జరుగమ్మా’ అన్యా. ఆమె జరగల్యా. పక్కన ఆసియా నా చెయ్యి పట్టుకునింది. ‘అక్కా, అది అద్దం’ అనింది.

చీర తీసుకోకుండా వచ్చేసినా ఆ పొద్దు.

అప్పట్నుంచి ఆసియా పాలకొచ్చినప్పుడల్లా ఇదే మాట. ‘అక్కా, ప్రొద్దుటూరుల చర్మం డాక్టరమ్మ ఉండాది, శానా మంచామె. కోత లేదు, కుట్టు లేదు, పొద్దన పోతే మాపటికి ఇంటికొస్తావు’ అని. నేను ‘ముండమోసినదానికి ఎందుకమ్మా బుగ్గలు’ అన్యా. ‘బుగ్గలు మొగుడియి కాదక్కా, నీవి’ అనింది ఆ పిల్ల. ఎంత మాటనింది సూడు. ఆ రాత్రంతా ఆ మాటే.

డాక్టరమ్మ గూడా ఊరికే సూది పట్టుకోని మీద పడే మనిషి కాదు. నా ఎదురుగా కుర్చీ లాక్కోని కూర్చోని బాగూ ఓగూ రెండూ చెప్పింది. బాగేందంటే, గుంటలు పూడతాయి, మనిషి కళగా అగపడ్తాది, ఏడాదో ఏడాదిన్నరో నిలుస్తాది. మల్ల మెల్లగా అదే కరిగిపోతాది. నచ్చకపోతే కరిగిచ్చే సూది ఇంగోటి ఉండాది, అదేస్తే ఒకట్రెండు దినాల్లో ఎప్పటి మాదిరి అయిపోతాదంట.

ఓగేందంటే, కొందురికి వాస్తాది, కమిలిపోతాది. గడ్డల మాదిరి తగుల్తాయంట. ఎప్పుడో ఎవురికో ఆ జెల్లు రక్తనాళంలోకి పోతే చర్మం నల్లబడి చచ్చిపోతాదంట, కండ్లు పోయినోళ్లు గూడా ఉండారంట. ‘ఇది మీకు జబ్బు కాదమ్మా, చేయిచ్చుకోకుంటే వచ్చే నష్టమేమీ లేదు. ఇంటికి పోయి ఆలోచన చేసుకోని రాండి’ అనింది.

రెండు నెలలు ఆలోచన చేసినా మామా. సంగటి కెలుకుతా, బర్రెకు గడ్డేస్తా అదే ఆలోచన. ఒక పక్క కన్ను పోతాదేమోనని భయం. ఇంగో పక్క, నన్ను సూసిన ప్రతి మనిషీ ‘అయ్యో పాపం’ అని తల పంకిస్తాండారే, ఆ పంకిచ్చడం సూసి సూసి ఇసిగిపోయింటి. కూరగాయల అంగట్లో గూడా అయ్యో పాపమే. పెండ్లిలో ముందర వరసలో కూర్చుంటే వెనక్కి రమ్మంటారు. ఆ మొగం మారితే సాలు, ఏ కన్ను పోతే ఆ కన్ను పోనీ అనుకున్యా ఆఖరికి.

లెక్క తప్పింది ఆడ కాదు. తేదీ కాడ తప్పింది.

నువ్వు పోయిన తేదీ నాకు కంఠతా వచ్చు. సంవత్సరీకం ఆ తేదీకే గదా అనుకున్యా. ఇంగా పదమూడు దినాలుండాది, వాపు మూడు నాల్గు దినాల్లో తగ్గిపోతాది, అప్పటికి మామూలుగా ఉంటాననుకోని పోయి సూదులేయిచ్చుకున్యా. మాపటికి బస్సు దిగి ఇంట్లోకి వస్తానే మీ అక్క ఫోను. ‘ఏమే రమణా, అయ్యవారు తిథి సూసినాడు, ఎల్లుండే వచ్చింది. తేదీ యాడన్నా పట్టుకుంటారా తద్దినానికి? బియ్యం, పప్పు సూసుకో’ అని. తిథి ముందరే వస్తాదని నాకు తెల్దా మామా? మీ నాయన తద్దినం ఇరవై ఏండ్లు పెట్టిన చెయ్యి ఇది. నీది వచ్చేతలికి తేదీ పట్టుకోని కూర్చున్యా. నువ్వు పోయిన పొద్దు ఆస్పత్రి కాగితంల రాసిన తేదీ అట్లనే తలకాయలో నిలబడిపోయినాది.

ఈ పొద్దు తెల్లారి లేసి ఫోన్ల సూసుకుంటే కండ్ల కింద ఇంతింత ఉబ్బు. ఎడమబుగ్గ కమిలి నేరేడుపండు రంగు. కండ్లు సగమే తెరుచుకుంటాండాయి.

ఇంగేం చేసేది? కొంగు కప్పుకోని కూర్చున్యా.

మీ అక్క వచ్చింది. వాకిట్లో దిగుతానే మొగం ముడుసుకోనుండాది. ఏడాదిగా నాతో సక్కంగా మాట్లాడిందా ఆమె? నీ శవం లేసిన పొద్దు నేను నిద్రపోయినానని. వచ్చినోళ్లందురూ ఏడుస్తాంటే నేను వంటింట్లో గోనెసంచి మీద తలకాయ పెట్టి పండుకున్యా, సాయంత్రం దాకా లేయల్యా. మీ అక్కే వచ్చి తట్టి లేపింది. ‘మొగుడు పోయిన దినం గురకపెట్టి నిద్రపోయే ఆడదాన్ని ఈన్నే సూసినా’ అని జమ్మలమడుగంతా చెప్పుకునింది. మూడేండ్లల్ల ఎవురూ నన్ను లేపకుండా పండుకునింది ఆ పొద్దే అని ఎట్ల చెప్పేది ఆమెకు?

ఈ పొద్దు కొంగు తీసి నా మొగం సూసింది. ‘నా తల్లీ’ అనింది. మామా, ముప్పై ఏండ్లల్ల ఆమె నన్ను తల్లీ అనింది ల్యా. మెడకు చేతులేసి, బుగ్గకు బుగ్గ ఆనిచ్చి ఏడ్సింది సూడు, ఇంట్లో ఉండే ఆడోళ్లందురూ లేసి వచ్చి సుట్టూ చేరినారు. ‘నారాయణా, నీ పెండ్లాం కండ్లు వాసి పోయినాయి సూడరా, ఈయమ్మను నేను ఎన్ని మాటలంటినిరా’ అని నిన్ను పిల్సి పిల్సి ఏడ్సింది. తప్పయిపోయింది క్షమించమనింది నన్ను. అంత పెద్దామె, నా గడ్డం పట్టుకోని.

అప్పుడు నేనేం అనుకున్యానో చెప్పనా నీకు?

‘వదినా, బుగ్గ వత్తాకు, జెల్లు పక్కకు జరుగుతాది’ అనుకున్యా. ఆమె గుండెలు పగిలిపోతాండాయి, నేను నా బుగ్గకు ఆమె బుగ్గకు మధ్యలో అరచెయ్యి అడ్డం పెట్టుకున్యా. నా పాపం ఏ గంగలో కడిగితే పోతాది మామా?

ఇప్పుడు సంకటం ఏందంటే, నాల్గు దినాల్లో వాపు పోతాది. మీ అక్క ఈన్నే ఉంటాది. ఎడమా కుడీ నున్నగా, నిండుగా బుగ్గలు బయటపడ్తాయి. ఏడ్సి వాసిన మొగం వాపు తీస్తే పెండ్లికూతురు మొగం మాదిరి యాడన్నా తేల్తాదా? ఆమె ఏమీ తెలీని మనిషి కాదు.

ఆసియాకు ఫోన్ చేసినా. ‘రేపు పొద్దన్నే బస్సుకు పోయి కరిగిచ్చుకుందాం రా అక్కా’ అనింది. పన్నుకు మందు వేయిచ్చుకునే దానికని చెప్పి పోవచ్చు. మల్ల గుంటలు వచ్చేస్తాయి, మీ అక్క ‘పాపం, దిగులుతో పీక్కపోయినాది’ అంటాది, సచ్చేదాకా నన్ను తల్లీ అంటాది. కరిగిచ్చుకుంటే ఆ అబద్ధం నిలబడ్తాది. ఉంచుకుంటే నిజం బయటపడ్తాది. ఏది బాగు, ఏది ఓగు? డాక్టరమ్మ ఇది చెప్పల్యా.

నువ్వన్నా చెప్పు. చెప్పవులే.

ఒకటి అడుగుతా, కోపం చేసుకోవాకు. నీ ఈ ఫోటో ఉండాదే, ఇది నువ్వు పడినాక తీసిందే. పింఛను కాగితాలకని దిండు ఆనిచ్చి కూర్చోబెట్టి తీసింది. నీకు వేరే ఫోటో ఏదీ బాగలేదని అవినాష్ దీన్నే ప్రొద్దుటూరుల స్టుడియోకు ఇచ్చినాడు. వాండ్లు కంప్యూటర్ల పెట్టి నీ మూతి సక్కంగా చేసినారు, నెరిసిన మీసం నల్లగా చేసినారు, బుగ్గ నింపినారు, నవ్వు గూడా పెట్టినారు. అందురూ సూసి ‘నారాయణ రెడ్డి రాజా మాదిరి ఉండాడు’ అన్యారు. మీ అక్క కండ్లకద్దుకునింది. నీకు చేస్తే రాజా, నాకు చేస్తే సిగ్గుమాలిన పనా? ఇదే గట్టిగా అడగల్లని లేసి వచ్చినా నీ ముందరికి.

అడగను లేసినదాన్ని, నిన్ను సూస్తా సూస్తా ఇంగోటి తోస్తాంది.

ఏడాదిగా నీకు పొద్దన్నే దీపం పెడ్తాండా, ఒక్క దినం ఏడుపు రాల్యా. రాయి మాదిరి ఉండా, నాకేమన్నా అయిందా అని భయపడినా. అది నా తప్పు కాదేమో మామా. ఈ ఫోటోల మనిషి నాకు తెల్దు. ఈ సక్కటి మూతాయప్ప కాదు నాకు తెలిసినాయప్ప. పెట్టిన సంగటి కారిపోతాంటే, తుడిసేటప్పుడు ఆ వంకర మూతితో ‘సాలు, నువ్వు తిను’ అంటాంటివే. ‘సాలు’ గూడా పలకేది కాదు, ‘ఆవు’ అన్యెట్టు ఇనపడ్తాండె. నేను నవ్వితే నువ్వు గూడా ఆ ఒక పక్క నవ్వుతాంటివి. ఆయప్ప యాడ ఉండాడు ఈ ఇంట్లో? ఒక్క ఫోటో లేదు. ఉండే దాన్ని గూడా బాగు చేసి పెట్టినారు.

ఆ మూడేండ్లకు ఇంగ మిగిలింది నా మొగంలో గుంటలే. వాటిని పోయి నేనే పూడ్సుకోనొచ్చినా.

మీ అక్క లేస్తానే చెప్తా మామా. కాఫీ ఇచ్చి చెప్తా. ఏడ్సల్యా వదినా, సూదులేయిచ్చుకున్యా, ఆ పొద్దు నిద్రపోయింది గూడా నిజమే అని. తిడితే తిట్టనీ, సాయంత్రం బస్సుకు పోతే పోనీ. కరిగిచ్చుకునేది మాత్రం ఏమో. నా గుంటలు ఒక్క సూదికి తిరిగొస్తాయంట. నీ వంకర మూతి ఏ డాక్టరమ్మ తెచ్చిస్తాది నాకు?

సూడు, ఇప్పుడు వస్తాండాయి కండ్లల్ల నీళ్లు. ఏడాది పట్టింది. ఆమె లేసి వచ్చి సూసినా ఏమీ తేడా కనపడదులే, పొద్దన్నుంచి సూసిన మొగమే గదా.

గట్టిగా తుడుసుకుందామా అంటే, వారం దాకా రుద్దగూడదని చెప్పింది డాక్టరమ్మ.